నీటిక్రింది పల్లెలు – ఫెర్డినాండ్ కెల్లర్ జీవితము

ఒక విద్వాంసుడు స్థాపించిన సిద్ధాంతము కాలక్రమమున వీగిపోయినచో, ఆయన కీర్తియు దానితోనే అస్తమించునని సామాన్యముగా తలంతుము. పాఠ్యగ్రంథములలో జయించిన సిద్ధాంతములకే చోటు దొరకును. ఓడినవాని ఊసెత్తువారు అరుదు. కాని తాను చెప్పిన ముఖ్యవిషయము చాలవరకు సరికాదని తేలిన పిదప కూడ, ఒక శాస్త్రమునకు ఆద్యుడుగా నేటికిని గౌరవమందుచున్న మహనీయుడొకడు గలడు. ఆయన పేరు ఫెర్డినాండ్ కెల్లర్. స్విట్జర్లాండు దేశపు సరస్సులలో మునిగియున్న చరిత్రపూర్వ గ్రామములను లోకమునకు తెలియజేసినవాడు ఆయన. ఆ గ్రామముల వయస్సును లెక్కించుటకు ఆయనకు సాధనము లేకపోయెను. ఆ సాధనము ఆయన కన్నులయెదుట నున్న కొయ్యగుంజలలోనే దాగియుండెను. దానిని చదువుటకు మానవుడు మరియొక నూరేండ్లకు పైగా వేచియుండవలసివచ్చెను. ఈ కథ ఉపాధ్యాయులును విద్యార్థులును ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఏలయన, దీని ఆరంభమున నిలిచియున్నవాడు ఒక పల్లెటూరి బడిపంతులు.

కెల్లర్ 1800వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన, జూరిక్ రాష్ట్రమునందలి మార్తాలెన్ అను గ్రామమున జన్మించెను. యౌవనమున జూరిక్ నగరములో క్రైస్తవ మతశాస్త్రము నభ్యసించెను. కాని మతాచార్యుని వృత్తికంటె ప్రకృతిశాస్త్రములే ఆయన మనస్సును ఎక్కువగా ఆకర్షించెను. అందుచే పారిస్ నగరమునకు పోయి ఆ విద్యలు నేర్చెను. తరువాత ఇంగ్లండులో కొన్నియేండ్లు ఒక సంపన్న కుటుంబమున గృహోపాధ్యాయుడుగా నుండెను. ఆ దేశమున పురావస్తు పరిశోధనకై ఏర్పడిన విద్వత్సంఘములు అప్పటికే పాదుకొనియుండెను. స్వదేశమునకు మరలివచ్చి, జూరిక్ లో ఆంగ్లభాషోపాధ్యాయుడుగా కుదురుకొనెను. మతము, ప్రకృతి, భాష – ఈ మూడు విద్యలలో దేనియందును ఆయన పేరు పొందలేదు. అయినను ఆ మూడింటి సంస్కారమును నాలుగవ విద్యయగు పురాతత్త్వమునకు అక్కరకు వచ్చెను.

1832లో జూరిక్ సమీపమునందలి బుర్గ్ హోల్జ్లి అను కొండపై అడవిలో ప్రాచీన సమాధుల దిబ్బలు బయల్పడెను. కెల్లర్ వానిని త్రవ్వించి పరిశీలించెను. ఆ సంవత్సరమే మిత్రులతో గూడి జూరిక్ పురావస్తు సంఘమును స్థాపించెను. స్థాపించినది మొదలు 1871 వరకు, అనగా దాదాపు నలువదియేండ్లు, ఆ సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. సంఘము పక్షమున సంచికలు ప్రకటించుట, దొరికిన ప్రతివస్తువునకును చిత్రము గీయించుట, దూరదేశ పండితులతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట ఆయన నిత్యకృత్యములు. 1844లో, సెయింట్ గాల్ మఠమున భద్రపరుపబడియున్న తొమ్మిదవ శతాబ్దినాటి చర్మపటమును, ఒక ఆదర్శమఠపు కట్టడముల నమూనాను, యథాతథముగ అచ్చువేయించి వివరణతో ప్రకటించెను. ఆ ప్రచురణ నేటికిని యూరపు వాస్తుచరిత్రకారులకు మాన్యమైనది. అప్పటికి ఆయన వయస్సు నలువదినాలుగేండ్లు. ఆయన పేరును శాశ్వతము చేసిన సంఘటన ఇంకను పదియేండ్ల దూరమున నుండెను.

1853–54 శీతకాలము స్విట్జర్లాండున అసాధారణమైనది. వర్షము లేదు; చలి తీవ్రము. ఏరులు ఎండి, సరస్సుల నీరు తగ్గసాగెను. జూరిక్ సరస్సు ఒడ్డున స్టేఫా అను ఊరిలో నీటిమట్టపు గుర్తులు చెక్కిన శిల యొకటి గలదు. అందలి అత్యల్పపు గుర్తు 1674వ సంవత్సరమునాటిది. 1854లో నీరు ఆ గుర్తునకును ఒక అడుగు క్రిందికి దిగెను. ఒడ్డున నివసించు రైతులకు ఇది మంచి అదను. ఓబర్ మైలెన్ అను గ్రామమున కొందరు, బయల్పడిన నేలను తమ తోటలలో కలుపుకొన నెంచి, నీటి అంచున గోడకట్టి, సరస్సు అడుగునుండి మట్టి త్రవ్వి ఆ గోడవెనుక నింపసాగిరి.

త్రవ్వినకొలది వింతవస్తువులు బయటపడెను. నల్లని బురదలో వరుసలుగా నాటిన కొయ్యగుంజలు, రాతిగొడ్డండ్లు, దుప్పికొమ్ములతో చేసిన పనిముట్లు, చేతితో చేసిన కుండల పెంకులు, కాలిన కొయ్యలు కనబడెను. ఇరువదియైదేండ్లకు పూర్వము, 1829లో, అదే ఊరి రేవును లోతుచేసినపుడును ఇటువంటివే తగిలినవి. కాని ఆనాడు వానిని లెక్కించినవారు లేరు. ఈసారి ఆ ఊరి బడిలో యోహానెస్ ఎప్లి అను ఉపాధ్యాయుడు ఉండెను. ఇవి మనుష్యుల చేతిపనులని ఆయన గ్రహించెను. పోగుచేయగలిగినంతవరకు పోగుచేసి, వెంటనే జూరిక్ పురావస్తు సంఘమునకు వర్తమానము పంపెను. విద్యాధికారులు ఆజ్ఞాపించినది కాదు. జీతమునకు సంబంధించినదియు కాదు. తాను చూచినది తెలిసినవారికి తెలుపవలెనను కర్తవ్యబుద్ధియే ఆయనను ప్రేరేపించెను. ఆ వర్తమానము అందకపోయినచో ఆ గుంజలు పొయ్యిలోనికి, ఆ పెంకులు తోటగోడ క్రిందికి పోయియుండెడివి.

కెల్లర్ ఆ విషయమును తేలికగా తీసికొనలేదు. గుంజలు ఒకదానికొకటి ఎంత దూరమున నున్నవో, ఏ లోతువరకు దిగినవో, వస్తువులు ఏ పొరలో దొరికినవో విచారించెను. ఒక ఓడరేవుగాని, చేపల వలలు కట్టు కొయ్యలుగాని అయినచో ఇన్ని గృహోపకరణము లుండవు. పొయ్యిరాళ్ళు, ధాన్యము విసరు రాళ్ళు, నేతపనికి సంబంధించిన వస్తువులు సంసారమును సూచించును. కనుక ఇచట మనుష్యులు కాపురముండిరనుట నిశ్చయము. ఈ తర్కమును చిత్రములతో గూడ 1854లోనే సంఘపు సంచికలో ప్రకటించెను.

ఇంతవరకు ఆయన చెప్పినది చెక్కుచెదరలేదు. తరువాతి మెట్టునకు ప్రత్యక్ష సాక్ష్యము లేకపోగా, ఊహ సాయపడెను. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఒక సరస్సు నడుమ గుంజలపై వేసిన మంచెలమీద ఇండ్లు కట్టుకొని జీవించు జనులను వర్ణించియుండెను. ఫ్రెంచి నావికుడు డ్యుమాన్ ద్యుర్విల్ తన సముద్రయానములలో న్యూగినీ దీవి తీరమున చూచిన నీటిమీది ఇండ్ల చిత్రములును కెల్లరునకు లభించెను. ఈ రెండును జతపడి, స్విట్జర్లాండు సరస్సుల నీటిపై విశాలమైన ఒక కొయ్యవేదిక, దానిమీద ఇండ్లు, ఒడ్డునకు ఒక ఇరుకు వంతెన – ఇట్టి మనోహరమైన చిత్రము ఆయన మనస్సున రూపొందెను. ఆ గృహస్థులు కెల్టు జాతివారనియు, రాతియుగము మొదలు లోహయుగమువరకు అదే జనము అచటనే వర్ధిల్లెననియు ఆయన భావించెను.

ఆ చిత్రము దేశమునంతను ముగ్ధమొనర్చెను. దానికి కారణము లేకపోలేదు. 1847లో స్విట్జర్లాండు రాష్ట్రములు తమలో తాము యుద్ధము చేసికొన్నవి. 1848లో క్రొత్త రాజ్యాంగమున ఏకమైనవి. వేర్వేరు భాషలు, వేర్వేరు క్రైస్తవశాఖలు గల ఆ ప్రజలకు అందరికిని చెల్లు పూర్వు లొకరు కావలసియుండిరి. నీటిమీద నిర్భయముగ, శాంతముగ, కష్టించి బ్రతికిన ఆ గ్రామవాసులు వారికి తగిన పూర్వులుగ తోచిరి. చిత్రకారులు వారిని చిత్రించిరి. పాఠశాల పుస్తకములు వర్ణించినవి. 1867లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమున స్విట్జర్లాండు వారి వస్తువులను సగర్వముగ నిలిపెను.

ఇతర సరస్సులలోను వెదకులాట మొదలయ్యెను. కర్నల్ ష్వాబ్ బీల్ సరస్సునుండి వస్తువులు సేకరించెను. యాకోబ్ మెస్సికొమ్మర్ అను రైతు 1858 మొదలు రోబెన్ హౌసెన్ వద్ద పీటునేలను త్రవ్వి, అవిసెనార బట్టలు, మాడిన రొట్టెముక్కలు, ఎండిన అడవి ఆపిలు పండ్లు వెలికిదీసెను. నీటిలో, బురదలో గాలి సోకనందున వేలయేండ్లనాటి బట్టయు పండును చెడక నిలిచినవి. ల్యూడ్విగ్ ర్యూటిమెయర్ అచటి జంతువుల ఎముకలను పరిశీలించి 1861లోను, ఆస్వాల్డ్ హీర్ గింజలను, పండ్లను పరిశీలించి 1865లోను గ్రంథములు ప్రకటించిరి. జంతుశాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పురావస్తు శాలలో కలిసి పనిచేయుట ఆ కాలమునకు క్రొత్త. కెల్లర్ ఈ సమాచారమునంతయు క్రోడీకరించుచు 1854 నుండి 1879 వరకు ఎనిమిది నివేదికలు వెలువరించెను. 1866లో వాని ఆంగ్లానువాదము వెలువడి, ఆయన పేరును ఖండాంతరములకు గొనిపోయెను. 1881వ సంవత్సరము జులై 21వ తేదీన ఆయన జూరిక్ లో పరమపదించెను.

ఆయన జీవితకాలమున తీరని ప్రశ్న యొకటి మిగిలిపోయెను: ఈ పల్లెలు ఎన్నాళ్ళనాటివి? రాతి పనిముట్లు కంచు పనిముట్లకంటె పూర్వములని చెప్పవచ్చును. ఎన్నియేండ్లు పూర్వమో చెప్పుటెట్లు? ఆ గ్రామములలో శాసనము లేదు, నాణెము లేదు, రాజు పేరు లేదు. ఇరువదవ శతాబ్దిలో నీటిమీది వేదికయు సంశయమునకు గురియయ్యెను. హాన్స్ రైనెర్త్, ఆస్కార్ పారెట్ మొదలగు జర్మను పరిశోధకులు, తరువాత 1955లో స్విట్జర్లాండు పండితుడు ఎమిల్ ఫోగ్ట్, ఇండ్లు నీటి నడుమగాక ఒడ్డుననే యుండెననియు, పిమ్మట సరస్సు పెరిగి వానిని ముంచెననియు వాదించిరి. శతాబ్ది గడిచిన పిదప కెల్లర్ చిత్రము చెదరసాగెను. వాదము మాత్రము తెగలేదు. తెంపవలసిన సాక్షి కొయ్యగుంజయే.

కొయ్య సాక్ష్యము చెప్పు విధమును విద్యార్థులు సులభముగ గ్రహింపగలరు. టేకుదుంగను అడ్డముగ కోసినపుడు కోతముఖమున వలయములు కనబడుట మన మెరుగుదుము. చలిదేశములలో చెట్టు వసంతమున పెరుగ నారంభించి శీతకాలమున ఆగును. అందువలన ఏటికొక వలయము స్పష్టముగ ఏర్పడును. అనుకూలమైన యేట వలయము వెడల్పు. ప్రతికూలమైన యేట సన్నము. ఒక ప్రాంతమున పెరిగిన చెట్లన్నియు ఒకే వాతావరణమును అనుభవించును గనుక, వాని వెడల్పు–సన్నముల వరుస ఒకదానితో నొకటి పోలియుండును. ఇపుడు శిథిల తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితుని తలచుకొనుడు. ఒక ప్రతికి చివరిభాగము లేదు. మరియొకదానికి మొదటిభాగము లేదు. రెంటను గల నడిమి పద్యములు కలిసినచో, రెండు ప్రతులను అతికి కావ్యమును పూర్తిచేయవచ్చును. వృక్షవలయ పరిశోధకుడు చేయుపనియు ఇదియే. నేడు కొట్టిన చెట్టునుండి ఆరంభించి, దానితో కలియు పాత ఇంటి దూలమునకు, దూలమునుండి కోటలోని కొయ్యకు, దానినుండి ఏటియిసుకలో పూడిన ప్రాచీన వృక్షమునకు వరుసను వెనుకకు కొనిపోవును. కొలత తెలిసిన ఈ వరుసలో గుంజయొక్క వలయములు ఎచట సరిపోవునో కనుగొన్నచో దాని కాలము తేలును. బెరడు క్రింది చివరి వలయము చెడక నిలిచినచో, చెట్టును నరికిన సంవత్సరమునే చెప్పవచ్చును.

ఈ విద్యను శాస్త్రముగ నిలిపినవాడు అమెరికా ఖగోళజ్ఞుడు ఎ. ఇ. డగ్లస్. సూర్యుని మచ్చలకును వాతావరణమునకును గల సంబంధమును వెదకుచు ఆయన చెట్లవైపు మరలెను. 1929లో అరిజోనా రాష్ట్రమున దొరికిన ఒక మాడిన దూలము ద్వారా తన వరుసలోని లోపమును పూరించి, అచటి ప్రాచీన ప్యూబ్లో గ్రామముల సంవత్సరములను నిర్ణయించెను. యూరపులో ఆ పద్ధతిని నాటినవాడు జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు బ్రూనో హూబర్. అచటి తడినేలలలో ఓకు చెట్ల వరుసను వేలయేండ్లు వెనుకకు నడపుటకు అనేకుల శ్రమ కావలసివచ్చెను. తుదకు జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు పరిశోధకులు తమ వరుసలను సరిపోల్చుకొని, 1985లో ఆల్ప్సు పర్వతముల ఉత్తరభాగమునందలి సరోవర గ్రామముల కాలమును నిశ్చితముగ ప్రకటించిరి. కెల్లర్ మరణించి అప్పటికి నూటనాలుగేండ్లు.

గుంజలు చెప్పినది ఆశ్చర్యకరము. కాన్ స్టన్స్ సరస్సు ఒడ్డున ఆర్బన్–బ్లైఖె 3 అను స్థలమున దొరికిన ఇండ్ల కొయ్యలను క్రీ. పూ. 3384 నుండి 3370 వరకు నరికిరి. ఈజిప్టులోని మహాపిరమిడునకును, హరప్పా నగరముల వైభవమునకును అది ఏడెనిమిది వందలయేండ్లు పూర్వము. ఏ యేట ఏ ఇల్లు లేచినదో చెప్పవచ్చును. ఆ పల్లె బ్రతికినది సుమారు పదునైదేండ్లు మాత్రమే. అటుపిమ్మట అగ్నికి ఆహుతియయ్యెను. అదే సరస్సు ఒడ్డున హార్న్ స్టాడ్ అను మరియొక పల్లె క్రీ. పూ. 3910లో కాలిపోయెను. వ్రాత నెరుగని జనుల గ్రామమున ఇంత నిర్దిష్టమైన సంవత్సరము చెప్పగలుగుట చరిత్రలో అపూర్వము. పేరును భాషయు మనకు తెలియని ఒక గృహస్థు చెట్టును నరికిన యేడు తెలిసినది!

ఈ వెలుగులో కెల్లర్ సిద్ధాంతమును పరీక్షించిన, ఫలితము మిశ్రమము. ఒకే జనము యుగయుగముల పర్యంతము ఒకే వేదికపై జీవించెననుట నిలువలేదు. పల్లెలు కొన్నియేండ్లు, కొన్ని దశాబ్దములు నిలిచి, విడువబడి, మరల ఇతరులచే నిర్మింపబడుచుండెను. చాలచోట్ల ఒక్కొక్క ఇంటికి దాని గుంజలు దానికే యుండెను. అందరికిని ఒకే వేదిక లేదు. కెల్టుల పేరు చరిత్రలో వినబడుటకు ఎంతో పూర్వము ఆ ఇండ్లు లేచినవి. ప్రత్యర్థుల పక్షమును పూర్తిగా నెగ్గలేదు. నీరు వచ్చిపోవు తడినేలపై, వరదకు అందకుండ అరుగు ఎత్తుచేసి కట్టిన ఇండ్లును ఉండెను. ఇటలీలోని ఫియవే వద్ద నీటిలోనే పొడవైన గుంజలు నాటి కట్టిన ఇండ్ల ఆనవాళ్ళు బయల్పడెను. ఒక్క నమూనా అన్నిచోట్లకు చెల్లునని తలచుటయే ఇరుపక్షముల దోషము.

సిద్ధాంతము ఇట్లు సడలగా కెల్లర్ కీర్తి ఏల నిలిచినది? ఆయన తాను చూచినదానిని, తాను ఊహించినదానిని కలిపివేయక, చూచినదానిని విడిగా, సవివరముగ, చిత్రసహితముగ వ్రాసియుంచెను. ఊహ పోయినను చూచిన సాక్ష్యము మిగిలెను. ఒక పల్లె పంతులును, ఒక రైతును, ఒక కర్నలును తెచ్చిన వార్తలను సమానముగ గౌరవించి, వారి పేర్లతోనే ప్రకటించెను. వస్తువులను తన ఇంటి అలంకారములుగ దాచుకొనలేదు, సంఘమునకు చేర్చెను. ఆ సేకరణ 1898లో జూరిక్ లో తెరువబడిన జాతీయ ప్రదర్శనశాలకు సంక్రమించెను.

ఆ కాలపు సేకర్తలలో పెక్కురు సుందరమైన గొడ్డళ్ళను, కంచు కడియములను కోరి, గుంజలను నిరుపయోగమని విడిచిరి. పెరికివేసిన గుంజతోపాటు దాని సంవత్సరమును నశించెను. విడిచినవి మాత్రము బురదలో భద్రముగ నుండి, 1960ల నుండి నీటమునిగి పరిశోధించు జూరిక్ శాస్త్రజ్ఞులకు లభించెను. అడ్డముగ కోసిన ఒక పలుచని బిళ్ళ చాలును. అందు ఒక మనుష్యుని జీవితమంత చరిత్ర గలదు. ఇపుడు వానికి వేరు భయములు గలవు: అలల తాకిడి, పడవల లంగరులు, తడియారిపోవు నేలలు. 2011లో యునెస్కో ఆరు దేశములకు చెందిన 111 సరోవర గ్రామములను ప్రపంచ వారసత్వ సంపదగ ప్రకటించుటకు ఆ రక్షణావశ్యకతయు ఒక కారణము.

మన యూరిలో చెరువు పూడిక తీయునపుడు, పాత గుడి పునాది త్రవ్వునపుడు, ఒక పెంకుయు ఒక రాయియు తగులును. దాని అర్థము అప్పుడే తెలియవలెనను నిర్బంధము లేదు. అది దొరికిన చోటును, లోతును, తేదీని ఒక కాగితముపై వ్రాసి, భద్రపరచి, తెలిసినవారికి తెలుపుట ఏ ఉపాధ్యాయునికైనను, ఏ విద్యార్థికైనను సాధ్యమే. ఎప్లి చేసినది అంతమాత్రమే. కెల్లర్ దానిని అందుకొనెను. అర్థము చెప్పువాడు నూరేండ్ల తరువాత వచ్చెను.